మలుపుకు ఇవతల

“మీ ఆయనతో చెప్పు తల్లీ, రేపు పొద్దున పాసింజరు వచ్చే వేళకు నేను పట్టాల మధ్య ఉంటానని.”

“మీ మామగారితో చెప్పు, రేపట్నుంచి ఆ బండి ఇక్కడ ఆగదని.”

తండ్రికీ కొడుక్కీ నడుమ బారెడు దూరం కూడా లేదు. ఒకరి కంచం గోడవైపు, ఒకరి కంచం గుమ్మంవైపు. మధ్యలో కోడలు గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఊరి జనం ముందు ముసలాయన ఆ మాట అనేసిన నాటి నుంచీ ఆ ఇంట్లో మాటలన్నీ ఆమె మీదుగానే నడుస్తున్నాయి.

“నేను చెప్పేదేముంది? ఇద్దరికీ చెవులున్నాయిగా,” అంది కోడలు. “ముందు అన్నం తినండి. ఆగే బండైనా ఆగని బండైనా రేపటి సంగతి.”

ఎవరూ కంచంలో చెయ్యి పెట్టలేదు.

ముసలాయనను ఊళ్ళో అందరూ రింగు తాత అంటారు. ఒంటి లైను మీద ఎదురుబొదురు బండ్లు రాకుండా, దారి నీదేనని డ్రైవరుకు గుర్తుగా ఒక ఇనప బిళ్ళ ఇచ్చేవాళ్ళు ఒకప్పుడు. ఆ బిళ్ళను పెద్ద బెత్తపు రింగుకు తగిలించేవాళ్ళు. ఆగే బండికైతే చేతికిస్తారు. ఆగని బండికి పరుగు మీదే అందించాలి. ప్లాట్‌ఫారం చివర చెయ్యి చాచి నిలబడి, ఉద్యోగం ఉన్నంత కాలం ఆ పని చేసిన మనిషి ఆయన. ఆ కుదుపులకు కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి దిగిపోయింది. చొక్కా కుట్టే దర్జీ అడక్కుండానే ఆ తేడా చూసుకుని కుడతాడు.

అలాంటి మనిషి స్టేషను ముందు చేరిన జనంలో లేచి, “నేను ప్రాణాలతో ఉండగా మన స్టేషన్లో బండి ఆగకుండా పోదు. పోతే నా మీదుగానే పోవాలి,” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల కూడా వేశారు. ఆ బండి నడిపేది ఆయన కొడుకేనన్న సంగతి చాలామందికి ఆ సందట్లో గుర్తు రాలేదు. గుర్తొచ్చినవాళ్ళు ఇంకాస్త గట్టిగా కొట్టారు.

కాలు జారినవాడు లేచి దులుపుకుంటాడు. నోరు జారినవాడికి లేచే చోటే ఉండదు.

“ఇంకో ముక్క కూడా చెప్పు మీ మామగారికి,” అన్నాడు కొడుకు. “ఇక్కడ బండి ఏనాడూ మనుషుల కోసం ఆగలేదు. బొగ్గింజన్ల కాలంలో ఇంజనుకు దాహమై ఆగింది. డీజిలొచ్చింది, దాహం తీరింది. అంతే కథ.”

ముసలాయన నవ్వాడు. పళ్ళు నవ్వాయి గాని కళ్ళు నవ్వలేదు.

“నిజమే తల్లీ. నీళ్ళ కోసమే ఆగింది. అప్పుడిక్కడ ఊరేదీ? మా నాన్నావాళ్ళు తవ్విన బావి, నీళ్ళు తోడేవాళ్ళ గుడిసెలు. ఇంజను నీళ్ళు తాగే లోపల కిటికీల్లోంచి జనం చేతులు చాపేవాళ్ళు, మాకూ కాసిని పొయ్యండర్రా అని. మా అమ్మ చెంబుతో పోసింది. పక్క గుడిసె ఆమె టీ కాచింది. ఇంకొకడు అరటిపళ్ళు తెచ్చాడు. పళ్ళు అమ్మినవాడు కొట్టు పెట్టాడు. కొట్టు పెట్టినవాడు ఇల్లు కట్టాడు. ఇల్లు కట్టినవాడు పిల్లలకు బడి కావాలన్నాడు. బండి ఆగిన చోట ఊరు పుట్టిందమ్మా. ఇంజనుకు దాహం తీరిందట! బాగానే ఉంది. ఊరి దాహం ఎవరు తీరుస్తారో అడుగు మీ ఆయన్ని.”

“ఊరా? ఊరు బస్సుల్లో తిరుగుతోందని చెప్పు. ముందు ఎక్స్‌ప్రెస్ ఆగడం మానేసింది. పాసింజరుందిగా అన్నారు. గూడ్సు షెడ్డు మూశారు. లారీలున్నాయిగా అన్నారు. స్టేషను మాస్టర్ని ఎత్తేశారు, టికెట్ల కిటికీకి చెక్కలు కొట్టారు. అప్పుడూ ఎవడూ నోరెత్తలేదు. పొద్దున నా బండి ఆగితే కూరగాయల బుట్టతో ఒక్కావిడ ఎక్కుతుంది. దిగేవాడు లేడు. ఈయన చచ్చి ఎవర్ని ఎక్కిస్తాడట?”

“చావెందుకొస్తుంది? వాడు ఆపుతాడుగా,” అన్నాడు ముసలాయన.

ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నాడు, కూరలో ఉప్పు సరిపోయిందన్నట్టు.

కొడుకు కంచం తోసేసి లేచాడు.

పెరట్లో మోటారుసైకిలు పక్కన దొరికాడు భర్త. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. పెరటి గోడ అవతల పట్టాలు, వాటి అవతల తుప్పు పట్టిన నీళ్ళ తొట్టి కాళ్ళు కనిపిస్తున్నాయి.

“సెలవు పెట్టండి,” అంది ఆమె.

“పెడితే ఇంకొకడొస్తాడు. నాన్న అక్కడుంటాడని వాడికి తెలియదు. తెలియనివాడు స్టేషనుకు ముందున్న మలుపు దగ్గర వేగం తగ్గించడు.”

“తెలిసిన మీరు తగ్గిస్తారా?”

గుడ్డ అద్దం మీదే ఆగింది.

“పోనీ మీ పైవాళ్ళకు చెప్పండి.”

“చెబితే పోలీసుల్ని పంపుతారు. బతుకంతా రింగు అందించిన చోటు నుంచే రెక్క పట్టుకుని లాక్కుపోతారు, ఊరంతా చూస్తుండగా. ఆయన్ని చంపడానికి బండి అక్కర్లేదప్పుడు.”

“అయితే తగ్గించండి. ఒక్క రోజు.”

“ఒక్క రోజట! రేపు తగ్గిస్తే ఎల్లుండీ నిలబడతాడు. నా ఉద్యోగం ఊడేదాకా నిలబడతాడు. ఊడాక ఇంకొకడి బండికి నిలబడతాడు.” గొంతు తగ్గించాడు. “నీకు తెలియదు. మలుపు దాటితేగాని ప్లాట్‌ఫారం కనపడదు. కనపడ్డాక బ్రేకు వేస్తే బండి ఆగేది స్టేషను దాటిపోయాకే. ఆపాలంటే మలుపుకు అవతలే ఆపాలి. ఆయనున్నాడో లేడో చూడకుండా ఆపాలి. ఆ లెక్కంతా ఆయనకు నాకంటే బాగా తెలుసు. తెలిసే నన్ను ఇరికించాడు.”

“మీ మీద నమ్మకం ఆయనకి.”

“నమ్మకం కాదే అది. బెదిరింపు.”

“మీ ఇంట్లో రెంటికీ తేడా ఎప్పుడుంది?” అంది ఆమె.

ఇంకో రోజైతే నవ్వేవాడు. గుడ్డ విదిలించి సీటు మీద వేసి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె వెళ్ళలేదు. పెరటి తలుపు తీసుకుని స్టేషను ఎదుటి టీకొట్టుకు నడిచింది.

కొట్టు నడిపే ఆవిడ గిన్నెలు తోముతోంది. బల్ల మీద బట్టల కొట్టాయన కూర్చుని ఉన్నాడు. మీసం మీద మోజెక్కువ గనుక ఆయన్ని మీసాల సేటంటారు. స్టేషను కోసం పోరాడదామని జనాన్ని పోగేసింది ఆయనే.

“అక్కా, మీరంతా వచ్చి ఒక్క మాట చెప్పండి. ‘తాతా, వద్దు, నీ మాట నీకు తిరిగిచ్చేశాం’ అనండి. మీరంటే దిగుతాడు. మేమంటే దిగడు.”

టీకొట్టావిడ గిన్నె కింద పెట్టింది. ఏదో అనబోయింది. సేటు ముందే అందుకున్నాడు.

“ఎందుకమ్మా కంగారు? నీ మొగుడే కదా డ్రైవరు! సొంత తండ్రిని తొక్కేస్తాడా? ఆపుతాడు. ఆపితే రేపు పత్రికల్లో మన స్టేషనే. విలేకరికి కూడా కబురు చేశాం.”

“ఆపకపోతే?”

“ఛ, అపశకునం మాటలు.”

“మీ అబ్బాయిని నిలబెడతారా పట్టాల మీద? మా ఆయనే కదా డ్రైవరు, ఆపుతాడులెండి.”

సేటు మీసం సవరించుకున్నాడు. సమాధానం అందులో దొరికినట్టు లేదు. “పెద్దాయన తనంత తానుగా అన్నాడమ్మా. మేమెవరం అడగలేదు,” అంటూ లేచి గొడుగు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

“నువ్వైనా చెప్పక్కా.”

“చెప్పాను నిన్ననే,” అంది టీకొట్టావిడ. “ఏమన్నాడో తెలుసా? ‘వాడు ఆపకపోతే అప్పుడు నేను బతికి మాత్రం ఏం చెయ్యాలే’ అన్నాడు. నా చేతి టీ కూడా తాగలేదు ముసలోడు.”

ఆ మాట విన్నాక కోడలికి అర్థమైంది. ఈ గొడవ స్టేషను గురించి ఎప్పుడు మొదలైందో గాని, స్టేషను దగ్గర ఆగడం ఎప్పుడో మానేసింది.

తెల్లవారింది. కొడుకు డ్యూటీకి బయలుదేరాడు. బండి బయలుదేరే జంక్షనుకు మోటారుసైకిలు మీదే పోతాడు. గుమ్మంలో ఆగి, లోపలికి చూడకుండా అన్నాడు.

“నాన్నని చూసుకో.”

“ఎట్లా చూసుకోమంటారు? గుంజకు కట్టేయనా?”

“నువ్వున్నావు కదా.”

“అక్కడ మీరున్నారుగా అని ఆయన, ఇక్కడ నేనున్నానుగా అని మీరు. మరి నేనెవర్ని చూసుకుని ఉండను?”

మోటారుసైకిలు చప్పుడులో ఆ మాట కలిసిపోయింది. వినబడిందో లేదో వెనక్కి తిరిగితే తెలిసేది. తిరగలేదు.

ఆమె చెయ్యగలిగింది చేసింది. ముసలాయన చెప్పులు తీసి ఖాళీ బియ్యం డబ్బాలో దాచింది. ముందు తలుపుకు లోపలి నుంచి గొళ్ళెం పెట్టి, దాని ముందు కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. రాళ్ళకు బదులు బియ్యమే పారేస్తోందని ఆమెకు కాసేపటిదాకా తెలియలేదు.

తల ఎత్తేసరికి పెరటి తలుపు తెరిచి ఉంది.

ఉత్త కాళ్ళతోనే వెళ్ళాడు. ఉతికి ఇస్త్రీ చేయించిన పాత నీలం కోటు వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని వెళ్ళాడు.

ప్లాట్‌ఫారం మీద జనం పోగై ఉన్నారు. స్టేషను పుట్టి ఇన్నేళ్ళలో అంతమంది ఒక్కసారి ఆ ప్లాట్‌ఫారం ఎక్కిన రోజు ఇంకొకటి లేదేమో. పిల్లల్ని భుజాలకెత్తుకున్నారు. సేటు గొడుగు వేసుకుని ముందు వరసలో ఉన్నాడు. కెమెరా పట్టుకున్న విలేకరి ఎండ ఎటు పడుతుందో చూసుకుంటున్నాడు. వీళ్ళందరూ రోజూ వచ్చి టికెట్లు కొనుంటే ఇవాళ ఇక్కడికి రావలసిన పనే లేకపోయేది. ఆ మాట బయటికి అనే తీరిక కోడలికి లేదు.

పట్టాల మధ్య ముసలాయన ఒక్కడే. చేతులు వెనక్కి కట్టుకుని, మలుపు వైపు మొహం పెట్టి, ఎవరినో ఎదురేగి తీసుకురావడానికి వచ్చినట్టు నిలబడ్డాడు.

ఆమె ప్లాట్‌ఫారం మీంచి కిందికి దూకింది. కంకర అరికాళ్ళలో దిగింది.

“మామయ్యా, పైకి రండి.”

“నువ్వెందుకు దిగావు? వెళ్ళు తల్లీ, పైకెళ్ళు.”

“మీరొస్తేనే.”

“పిచ్చిదానా, వాడు మలుపు అవతలే ఆపేస్తాడు. కూత వేసి, మెల్లగా నడిపించుకుంటూ వస్తాడు. నువ్వే చూస్తావు.”

“ఆపకపోతే?”

“వాడికి నడక రాని రోజుల్లో ఇదిగో, ఈ ప్లాట్‌ఫారం మీదే ఎత్తుకుని బండి చూపించాను. ఆపుతాడు.”

“మీరు గెలవాలని ఆయన్ని చంపుతున్నారు మామయ్యా.”

“వాడికేమవుతుంది? నిలబడింది నేనేగా.”

ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. ఆ ఎండిన ఒంట్లో అంత బరువు ఎక్కడిదో, ముసలాయన కదల్లేదు. పై నుంచి ఎవరో “వదిలెయ్యమ్మా, ఆయన ఇష్టం ఆయన్ది” అన్నారు. ఎవరో “ఫోటోకు అడ్డం వస్తోంది” అన్నారు.

అప్పుడు పట్టా సన్నగా మోగింది. ఆమె చెవికి అందింది. ఆయన అరికాలికి అంతకుముందే అందినట్టుంది, భుజాలు సర్దుకున్నాడు.

ఆమె నోరు ఆమెను అడక్కుండానే కదిలింది.

“ఆయన రాలేదు మామయ్యా.”

“ఆఁ?”

“సెలవు పెట్టారు. బండి మీద మీ అబ్బాయి లేడు. వేరే ఎవరో కొత్తాయన వస్తున్నాడు.”

భయపడతాడనుకుంది. తెలియనివాడు ఆపడు గనుక ప్రాణం మీద తీపి పుడుతుందనుకుంది. ఆయన మొహంలో భయం రాలేదు. తన ఇల్లే అనుకుని పొరపాటున వేరే ఇంట్లో అడుగుపెట్టిన మనిషి మొహంలా అయింది.

“కొత్తవాడా? ఎవరు?”

“ఎవరో కుర్రాడట. ఈమధ్యనే పెళ్ళయిందట.”

“ముందే చెప్పొద్దటే!” అన్నాడు ముసలాయన. ఈసారి ఆయనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “పద, పద. ఎక్కు. ముందు నువ్వెక్కు.” ఆమెను ప్లాట్‌ఫారం మీదికి తోసి, రొప్పుతూ తానూ ఎక్కాడు. జనంలో ఒక మూలుగులాంటిది లేచింది. ఆయనకు అది పట్టలేదు.

“నువ్వు కాపురానికి రాక ముందు సంగతి. స్టేషను అవతల రోడ్డు గేటు దగ్గర ఒకడు అడ్డం వచ్చి బండి కింద పడ్డాడు,” అన్నాడు ఆయాసం మీదే. “ఆ డ్రైవరు దిగొచ్చి కంకర మీద కూలబడ్డాడు. నీళ్ళిస్తే చెంబు పట్టుకోలేకపోయాడు. తప్పు వాడిది కాదు. అయినా మళ్ళీ ఇంజను ఎక్కలేదు. ఎవరో కన్న బిడ్డ మెడకు ఆ గుదిబండ కడతానా నేను?”

మరి మీరు కన్న బిడ్డకో, అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. అంటే మళ్ళీ దిగుతాడని భయం.

కూత వినిపించింది. మలుపు అవతల మొదలైన కూత ఆగలేదు. పొడుగ్గా, ఒక్క ఊపిరిలో ఏడ్చినట్టు, అది దగ్గరికి వస్తూనే ఉంది.

మెల్లగా వస్తుందని ఆమె ఎదురుచూసింది. మామగారికి అబద్ధం చెప్పినా, లోలోపల ఆమె కూడా ఆయన మాటే నమ్మింది. తగ్గిస్తాడు, ఎందుకు తగ్గించడు, ఎంతైనా కొడుకు.

మలుపులోంచి ఇంజను దూసుకొచ్చింది. వేగం తగ్గలేదు. ప్లాట్‌ఫారం అదిరింది. సేటు గొడుగు తిరగబడింది. పిల్లలు తల్లుల కొంగుల్లో మొహం దాచుకున్నారు. ఇందాక ముసలాయన నిలబడి ఉన్న చోటు మీదుగా చక్రాలు, ఒక పెట్టెవి, ఇంకో పెట్టెవి, వరసగా దొర్లిపోయాయి. ఆమె స్తంభం పట్టుకుంది.

ఇంజను కిటికీలో కొడుకు ఉన్నాడు. ముసలాయన చూశాడు.

బండి పోయింది. కూత ఇంకా వినపడుతూనే ఉంది, గేటు దాటిపోయేదాకా.

“తాత దిగిపోయాడర్రా,” అన్నారెవరో.

“తండ్రీ కొడుకులు కూడబలుక్కున్నారు. మనం వెర్రివాళ్ళం.”

“నాకు ముందే తెలుసు, అంతా నాటకమని.”

సేటు గొడుగు ఊచలు సరిచేసుకుంటూ ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగిపోయాడు. విలేకరి కెమెరా సంచిలో పెట్టుకున్నాడు. ప్లాట్‌ఫారం ఎంత త్వరగా నిండిందో అంతకంటే త్వరగా ఖాళీ అయింది. టీకొట్టావిడ ఒక్కతే కాసేపు నిలబడి, దగ్గరికి రావాలా వద్దా తేలక తనూ వెళ్ళిపోయింది.

“వాడే,” అన్నాడు ముసలాయన.

ఆమె తల దించుకుంది.

“అబద్ధం చెప్పావు.”

“చెప్పాను.”

తిడతాడని కాచుకుంది. ఆయన పట్టాల వంకే చూస్తున్నాడు.

“తగ్గించలేదు తల్లీ.”

“చూశాను మామయ్యా.”

“నువ్వు ఒకటి చూడలేదు. వాడు కళ్ళు మూసుకుని ఉన్నాడు.”

“కిటికీ అట్లా మెరుపులా పోతే మీకెలా—”

“రింగిచ్చేవాడు డ్రైవరు చెయ్యి చూడడమ్మా, కళ్ళు చూస్తాడు. కళ్ళు మన మీదుంటే చెయ్యి దానంతటదే వస్తుంది. ఎంత వేగంలో పోయే బండైనా నాకు ముందు కళ్ళే కనపడతాయి.” బండి పోయిన వైపు తిరిగాడు. “గట్టిగా మూసుకున్నాడు. చిన్నప్పుడు మందు తాగించేటప్పుడు మూసుకున్నట్టు.”

ఆమె ఇంటికి రమ్మంది. వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. అన్నం పెడితే వద్దన్నాడు. కోటు విప్పమంటే విప్పలేదు. తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది. ఆ మౌనం చూస్తుంటే, తాను ఆయన్ని పట్టాల మీంచి దింపిందిగాని ఆయన ఇంకా ఎక్కడా ఎక్కలేదనిపించింది.

పొద్దు నడినెత్తి దాటాక వీధి మొదట్లో మోటారుసైకిలు చప్పుడు వినిపించి, సగం దారిలో ఆగిపోయింది.

కొడుకు అక్కడే ఆగి ఉన్నాడు. అరుగు మీద కూర్చున్న తండ్రిని చూస్తున్నాడు. హ్యాండిల్ మీద తల ఆనించి అలాగే ఉండిపోయాడు. తర్వాత మోటారుసైకిలు నడిపించుకుంటూ సందు తిరిగి పెరటి వైపు నుంచి వచ్చాడు.

“నిలబడ్డాడా?” అన్నాడు వంటింటి గుమ్మంలో.

“నిలబడ్డారు. దింపాను.”

“ఎప్పుడు?”

“కూత వినపడే ముందు.”

గోడకు వీపు రాసుకుంటూ నేల మీదికి జారిపోయాడు.

“అవతలి స్టేషన్లో దిగి ఇంజను ముందు వంగి చూశాను. చక్రాల దగ్గర చూశాను. ఏమీ లేదు. ఏమీ లేకపోయినా నమ్మకం కుదరలేదు. మళ్ళీ వంగి చూశాను. అక్కడి పోర్టరు, ఏం పోయింది సారూ అని అడిగాడు. నాకు... ఏం చెప్పాలో...”

ఆమె నీళ్ళిచ్చింది. గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు.

“ఆపుదామనే అనుకున్నారా?”

“తెలియదు. ఒట్టు, నాకు తెలియదు. చెయ్యి బ్రేకు మీదే ఉంది. అది కదల్లేదు. ఆపాలనీ లేదు, పోవాలనీ లేదు. కళ్ళు మూసుకుపోయాయి. కూత మీద చెయ్యి మాత్రం తియ్యలేకపోయాను. అది వినైనా తప్పుకుంటాడేమోనని...”

“ఎంత దూరం?”

ఆ అడిగింది ఆమె కాదు.

ముసలాయన నడవలో నిలబడి ఉన్నాడు. కొడుకు తలెత్తాడు. ఇన్నాళ్ళ తర్వాత తండ్రి చూపు సూటిగా అతని మీదే ఉంది.

“కళ్ళు మూసుకుని ఎంత దూరం పోయావు?” అన్నాడు మళ్ళీ.

“తెలియదు నాన్నా.”

“కళ్ళు గేటుకు ముందు తెరిచావా, దాటాకా?”

“దాటాక.”

“గేటు వేసి ఉందా, తీసి ఉందా?”

కొడుకు తల అడ్డంగా ఊపాడు. పొయ్యి మీద గిన్నె ఒకటే చప్పుడు చేస్తోంది. ఆమె వెళ్ళి పొయ్యి ఆర్పింది.

“నా మీదుగా పోయినా నేను ఏమీ అనుకోను. అది నా నోటి దూల, నేను తెచ్చుకున్నది,” అన్నాడు ముసలాయన. “తండ్రిననే పొగరుతో నీ మెడ మీద కత్తి పెట్టాను. ఈ పిల్ల పొద్దున నాకు అది చూపించింది. కానీ నీ వెనక పెట్టెల్లో జనం ఉన్నార్రా. ముందు కూర్చున్నవాడి కళ్ళు తెరిచి ఉన్నాయన్న ధైర్యంతోనే కదా వాళ్ళు కునుకు తీసేది?”

“మీరు అక్కడ నిలబడకపోతే ఆయన కళ్ళెందుకు మూసుకుంటారు మామయ్యా?” ఆమె గొంతు లేచింది. “అంతా మీరు చేసి, ఇప్పుడు నీతులా?”

“నేనే చేశాను. అదీ చెప్తాను.”

“ఎవరికి?”

“రైల్వే పెద్దాఫీసులో.”

ఆమెకు ఆ మాట వెంటనే బుర్రకెక్కలేదు. ఎక్కాక గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

“కన్న కొడుకు మీద మీరే వెళ్ళి ఫిర్యాదు చేస్తారా? ఉద్యోగం పోతుంది. ఈ ఇల్లు కూడా వాళ్ళదే, ఇదీ పోతుంది. స్టేషను పోయింది చాల్లేదా మీకు?”

“నడుస్తున్న బండి మీద డ్రైవరు కళ్ళు మూసుకోవడం నేను చూశాను. వాడు నాకు ఏమవుతాడన్నది తర్వాతి సంగతి. చూసి ఊరుకుంటే, రేపు గేటు దగ్గర ఇంకెవరి బిడ్డో...” ఆయన కొడుకు వైపు తిరిగాడు. “సాయంత్రం డ్యూటీ ఉందా?”

“ఉంది.”

“నడపగలవా?”

కొడుకు తన చేతుల వంక చూసుకున్నాడు. గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి. తాగకుండానే కింద పెట్టాడు.

“మలుపు దగ్గరికి వచ్చేసరికి...” అన్నాడు.

“నువ్వే వెళ్ళి చెప్తావా, నన్ను వెళ్ళమంటావా?”

ఆమె భర్త పక్కన కూర్చుని అతని భుజం పట్టుకుంది. “ఏమీ చెప్పొద్దండీ. ఒంట్లో బాగాలేదని ఒక్క పూట ఉండిపోండి. రేపటికి అన్నీ సర్దుకుంటాయి. ఆయన ఇంక నిలబడరు. నిలబడరు కదా మామయ్యా? చెప్పండి!”

“నిలబడను,” అన్నాడు ముసలాయన. “నేను లేకపోయినా వాడికి నేను కనపడతాను తల్లీ. ఆ మలుపు తిరిగినప్పుడల్లా కనపడతాను. అదే కదా నా భయం.”

కొడుకు లేచాడు. తొట్టి దగ్గరికి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. తుడుచుకోలేదు. తండ్రి పక్కనుంచి, తగలకుండా, పెరట్లోకి నడిచాడు. మోటారుసైకిలు బయటికి తీశాడు.

“ఎక్కడికండీ?” అంది ఆమె. వినబడేంత గట్టిగానే అంది.

అతను కిక్కు కొట్టాడు. చప్పుడు సందు తిరిగింది. ముసలాయన కోటు గుండీలు మళ్ళీ ఒకసారి తడిమి చూసుకుని, ఉత్త కాళ్ళతోనే వీధిలోకి దిగి, ఆ దుమ్ము వెంబడే నడక మొదలుపెట్టాడు. ఆమె గుమ్మం పట్టుకుని ఆ ఇద్దరూ పోయిన వైపే చూస్తూ నిలబడింది.

ఆ దారిలో ముందు పెద్దాఫీసు వస్తుంది. అది దాటితే, సాయంత్రం డ్యూటీ ఎక్కే ఇంజను షెడ్డు.